గెడ్డ దిగేదాకా

మా చిన్నాన్న విశాఖ పోర్టులో పనిచేసేవాడు. వానా గాలీ విషయంలో ఆయన మాటంటే మా ఇంట్లో అందరికీ గురి, ఒక్క మా పిన్నికి తప్ప. పిన్ని వాళ్ళది ఎస్.కోట, అంటే శృంగవరపుకోట. అయినా ఆవిడ పెరిగిందంతా అనంతగిరి కొండల్లోనే. వాళ్ళ నాన్నగారు ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల మాస్టారు. ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊరికి సామానూ పిల్లల్నీ తీసుకుని కొండెక్కేసేవారు. అలా సముద్రం చూసి వాన చెప్పే మనిషికీ, కొండ చూసి వాన చెప్పే మనిషికీ పెళ్ళయింది. మిగతా అన్నిట్లోనూ వాళ్ళకి రాజీ కుదిరింది గాని, ఈ ఒక్కదాంట్లో చివరిదాకా కుదర్లేదు.

నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో, అంటే 1980ల చివర్లో, ఒక దసరా సెలవులకి వాళ్ళిద్దరూ నన్నూ మా మేనత్త కొడుకునీ వెంటేసుకుని అరకు నుంచి కొండ దిగి నడిచొచ్చారు. ఇప్పుడు ట్రెక్కింగ్ అంటే ఎవరూ వింతగా చూడరు. అప్పట్లో అరకంటే పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కడం, పద్మాపురం తోట చూడటం, తెచ్చుకున్న పులిహోర తినడం, తిరిగి రైలెక్కడం. బస్సూ రైలూ ఉండగా నడవడమేమిటని ఇంట్లో అందరూ నవ్వారు. మా నాన్నమ్మ అయితే ముఖం మీదే అడిగేసింది: "నడవాలని అంత సరదాగా ఉంటే ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చెయ్యండే. ముప్పై రెండు కిలోమీటర్లు నడిస్తే పుణ్యమైనా దక్కుతుంది. ఊరికే ఎవరైనా నడుస్తారా?"

అక్టోబరులో కొండలకెళ్ళడం మీద చిన్నాన్నకి వేరే అభ్యంతరం ఉండేది. మా విశాఖలో ఏడాది మొత్తం మీద ఎక్కువ వాన పడేది జూలై ఆగస్టుల్లో కాదు, సాధారణంగా అక్టోబరులోనే. నైరుతి వెనక్కి మళ్ళుతుంటుంది, బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి పుడుతుంటాయి. హుద్‌హుద్ వచ్చి ఊరిని ఊడ్చేసింది కూడా 2014 అక్టోబరు 12నే కదా. కానీ పిన్ని బళ్ళో సైన్సు టీచరు. దసరా, సంక్రాంతి, వేసవి తప్ప సెలవు దొరకదు. "వేసవిలో గెడ్డలెండిపోతాయి, సంక్రాంతికి మీ చలి గోల భరించలేను" అని ఆవిడే తేల్చేసింది. గెడ్డంటే మా వైపు కొండవాగు.

బయల్దేరే ముందు రాత్రి చిన్నాన్న ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. అల్పపీడనం ఉంది, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారని వచ్చింది. ఒకటో నంబరంటే భయపడాల్సినదేమీ కాదు, దూరంగా సముద్రంలో ఏదో ఉందని ఓడలకి చెప్పడం. అయినా ఆయన దాన్ని ఇంట్లో అందరికీ వినపడేలా ఇంకోసారి చదివినట్టు చెప్పాడు. పిన్ని వినిపించుకోనట్టే సంచీ సర్దుకుంటోంది. ఆ సంచీ నాకిప్పటికీ గుర్తు. కెమెరా ఫిల్మ్ రోల్ వచ్చే నల్ల ప్లాస్టిక్ డబ్బాలు ఫొటో స్టూడియోలో అడిగి తెచ్చి, వాటిలో అగ్గిపుల్లలు పోసి, అగ్గిపెట్టె పక్క చెక్కని కత్తిరించి వాటిలోనే పెట్టింది. ఎరువుల బస్తాల్లోపలుండే ప్లాస్టిక్ కవర్లు, పాత పేపర్ల కట్ట, తలా ఒక గోనెసంచి, అటుకులు, బెల్లం, మాడుగుల హల్వా. హల్వా మీద నాన్నమ్మ ముక్కు చిట్లిస్తే, "చెడిపోదండీ, తడిసినా పాడవదు, ఒక్క ముక్కకి గంట నడవొచ్చు" అంది. చిన్నాన్న తనకి మాత్రం డక్‌బ్యాక్ రెయిన్‌కోటు తీసుకున్నాడు.

పిన్ని నడిచేది చీరలోనే. కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, కాళ్ళకి కాన్వాసు బూట్లు. మా వీధిలో ఆడవాళ్ళు బూట్లేసుకోవడం అదే మొదలు. రిక్షా ఎక్కుతుంటే ఎదురింటివాళ్ళు అరుగు మీద నిలబడి మరీ చూశారు.

ఆ లైన్లో రైలు ప్రయాణం గురించి అందరూ రాసేశారు కాబట్టి ఎక్కువ చెప్పను. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకి పంపడానికి వేసిన లైనది. మనుషుల్ని ఎక్కించుకోవడం దానికి పక్క పనే. బొడ్డవర దాటి శివలింగపురం వచ్చేసరికి ఎక్కడం మొదలవుతుంది, సొరంగాలు మొదలవుతాయి. ఎదురుగా మూడు ఇంజన్లు తగిలించుకున్న ఖనిజం గూడ్సులు దిగుతుంటే మన పాసింజరు పక్కకి తప్పుకుని నిలబడాలి. ఆ రోజు మాత్రం చిన్నాన్న ముఖం చూడాల్సిందే. ఒక సొరంగంలోకి ఎండలో దూరితే అవతల జోరువానలో తేలాం. కిటికీ తలుపులు దించేలోపు ఇంకో సొరంగం, దాని అవతల మళ్ళీ ఎండ. టైడా, చిమిడిపల్లి, బొర్రా... ఒక్కో స్టేషన్‌కి ఒక్కో వాతావరణం. "మీ ఒకటో నంబరు ఇందులో దేనికండీ?" అని పిన్ని అడిగింది. ఆయన రెయిన్‌కోటు తొడుక్కోవాలో విప్పాలో తేల్చుకోలేక ఒక చెయ్యి మాత్రం దూర్చి కూర్చున్నాడు.

శిమిలిగూడలో బండి కాసేపు ఆగింది. 996 మీటర్ల ఎత్తు. అప్పటికి బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదని చెప్పుకునేవారు. 2008లో కాశ్మీర్ లోయలో రైళ్ళు మొదలయ్యాక ఆ మాట చెల్లలేదు గాని, మా బావకి ఆ రోజు ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడటం ఎవరెస్టు ఎక్కినంత పని. దిగి, ఒక రాయి ఏరుకుని జేబులో వేసుకున్నాడు.

నిజానికి చిన్నాన్న తప్పేమీ లేదు. మా ఇల్లు వన్‌టౌన్‌లో, కోటవీధి దగ్గర. డాబా ఎక్కితే హార్బరు, దాని అవతల యారాడ కొండ కనిపిస్తాయి. అక్కడ వాన ఉన్నట్టుండి రాదు. ముందు దూరంగా లంగరేసిన ఓడలు మాయమవుతాయి, తర్వాత లైట్‌హౌసు, తర్వాత కొండ. కొండ కనపడలేదంటే ఆరేసిన బట్టలు తీసి, వడియాలు లోపల పెట్టి, కిటికీలు వేసుకునేంత టైముంటుంది. అలాంటి చోట పుట్టి పెరిగిన మనిషికి, వాన అనేది కనిపిస్తూ వచ్చే వస్తువు. కొండల్లో అది కనిపించదు. ఎదురుగా ఒక శిఖరం, వెనక ఒక శిఖరం. ఆకాశం మనకి కనిపించేది ఒక ముక్కే. ఆ ముక్క నీలంగా ఉందని బయల్దేరితే, వంపు తిరిగేసరికి వాన మన మీదే పుడుతుంది.

అరకులో దిగిన సాయంత్రం బాగా తెరిపిచ్చింది. మర్నాటి కోసం పిన్ని ఒకటే రూలు పెట్టింది: వెలుగు రాకముందే లేవాలి, మధ్యాహ్నం రెండుకల్లా ఏదో ఒక చూరు కింద ఉండాలి. ఎందుకని మా బావ అడిగితే బళ్ళో పాఠంలా చెప్పింది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయ అడుక్కి జారుతుంది, అందుకే పొద్దున్న పొగమంచు కిందుంటుంది. ఎండ తగిలాక అది విడిపోతుంది. మధ్యాహ్నానికి వేడెక్కిన గాలి వాలు వెంట పైకి పాకుతుంది. సముద్రం మీంచి వచ్చే తేమగాలి కూడా కొండ అడ్డొచ్చేసరికి పైకెక్కక తప్పదు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైన చల్లబడుతుంది. చల్లబడితే మోసుకొచ్చిన నీళ్ళు అక్కడే దించేస్తుంది. "మధ్యలో ఉన్న నాలుగైదు గంటలే మనవి. మిగతావి కొండవి" అంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఏజెన్సీ వైపు ఎప్పుడెళ్ళినా నేను ఈ లెక్కే పాటిస్తాను. ఫోన్‌లో అరకు అని కొడితే గంట గంటకీ వాన శాతాలు చూపిస్తున్నారు గాని, అది ఏ కొండకి, కొండకి ఏ వైపుకి అన్నది చూపించరు కదా.

పొద్దున్నే బయల్దేరితే లోయంతా తెల్లగా మూసుకుపోయి ఉంది. రోడ్డు మీద ఎదురొచ్చే మనిషి కంటే ముందు అతని దగ్గు వినిపిస్తోంది. ఎండ ఎక్కేకొద్దీ మంచు పొరలుగా చీలి, కొండవాలు మీద వలిసె చేలు ఒక్కొక్క మడీ బయటపడ్డాయి. అప్పుడప్పుడే పూత మొదలైంది, పసుపు ఇంకా నిండలేదు. నవంబరుకి గాని ఆ కొండలు పూర్తిగా పసుపెక్కవు, అప్పుడు ఫొటోల కోసం జనం చేలల్లోకి దిగి తొక్కేస్తున్నారని ఇప్పుడు రైతులు కర్రలు పాతి తాళ్ళు కడుతున్నారు, డబ్బులు తీసుకుంటున్నారు. తీసుకోవాలి కూడా. అది వాళ్ళ నూనెగింజల పంట, మన ఫొటో వెనక పెట్టుకునే తెర కాదు.

సుంకరమెట్ట వైపు రోడ్డు వెంట కొంత, అడ్డదారిన కొంత నడిచాం. అడ్డదారి పిన్ని చిన్నప్పటి దారి. జల్లు, ఎండ, జల్లు. గోనెసంచి వాడే పద్ధతి ఆ రోజే నేర్చుకున్నాను. సంచీ అడుగున ఒక మూలని లోపలికి తోసి రెండో మూలలోకి దూరిస్తే పొడవాటి టోపీలా అవుతుంది. అది నెత్తిన పెట్టుకుంటే వెనక నడుం దాకా కప్పేస్తుంది. గోనె తడుస్తుంది, బరువెక్కుతుంది, కానీ లోపల వెచ్చగా ఉంటుంది. చిన్నాన్న రెయిన్‌కోటులో బయట వాన, లోపల చెమట. కాసేపటికి ఆయన బయటకంటే లోపలే ఎక్కువ తడిసిపోయాడు. చేలల్లో పనిచేసేవాళ్ళ నెత్తిన వెదురు చట్రంలో ఆకులు పొదిగిన గిడుగులున్నాయి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, వంగి కలుపు తీస్తున్నా వీపు తడవదు. దాని ముందు మా సరంజామా అంతా దండగ అనిపించింది.

గెడ్డ దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దాని పేరు పిన్నికి తెలుసుగాని నాకు గుర్తులేదు. మామూలు రోజుల్లో మోకాలి లోతు, రాళ్ళ మీద గెంతుకుంటూ దాటేస్తారట. అవతలి ఒడ్డున కొంచెం పైన గూడెం కనిపిస్తోంది, ఇళ్ళ మీంచి పొగ లేస్తోంది. పైన ఆకాశం శుభ్రంగా కడిగినట్టుంది. చిన్నాన్న తల పైకెత్తి చూసి, "చుక్క మబ్బు లేదు, పదండి" అని ప్యాంటు మడవబోయాడు.

పిన్ని ఆకాశం చూడలేదు, నీళ్ళు చూసింది. "ఆగండి. రంగు మారింది."

నిజమే, మేం వచ్చినప్పుడు రాళ్ళ మధ్య నీళ్ళు తేటగానే ఉన్నాయి. చూస్తుండగానే ఒక పక్క నుంచి ఎర్రజీర దిగింది. దాని వెనక ఎండాకులు, విరిగిన పుల్లలు, తెల్లటి నురగ. పిన్ని ఒక ఎండుపుల్ల విరిచి సరిగ్గా నీటి అంచున గుచ్చి, వెనక్కొచ్చి బండ మీద కూర్చుంది. అవతలి ఒడ్డున ఒకావిడ నెత్తి మీద గంప దించుకుని అప్పటికే కూర్చుని ఉంది. "ఆవిడ ఇల్లు ఇవతలుంది, చీకటి పడకముందే రావాలి, అయినా కూర్చుంది చూడండి" అంది పిన్ని. చిన్నాన్నకి అంతకంటే ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయనా కూర్చున్నాడు.

కాసేపటికి పుల్ల ఇవతల కూడా నీళ్ళున్నాయి. ఇంకాసేపటికి పుల్ల కొన మాత్రమే కనిపించింది, తర్వాత అదీ పోయింది. మా మీద ఎండ కాస్తూనే ఉంది. పైన ఎక్కడో, మాకు కనిపించని వాలు మీద, ఒక వాన కురిసి వెలిసిపోయుంటుంది, దాని నీళ్ళు ఇప్పుడు మా దగ్గరికొచ్చాయి. చప్పుడు కూడా మారింది. అంతకుముందు గలగలమని పైపైన వినిపించేది. ఇప్పుడు అడుగు నుంచి వస్తోంది. బండలు దొర్లుతున్నాయని పిన్ని చెప్పింది. కాళ్ళ కింద నేల సన్నగా అదురుతుంటే బావ నా చెయ్యి పట్టుకున్నాడు, తర్వాత ఎన్నిసార్లడిగినా పట్టుకోలేదనే అన్నాడు.

హల్వా తిన్నాం. అటుకుల్లో బెల్లం కలుపుకుని తిన్నాం. చిన్నాన్న మూడుసార్లు వాచీ చూసుకుని, "ఎంతసేపు?" అన్నాడు. "దిగేదాకా" అంది పిన్ని. ఎంతసేపటికి దిగుతుందని అడిగితే, "ఎక్కినట్టే దిగుతుంది, పైన మళ్ళీ పడకపోతే" అంది. రెండో పుల్ల కాస్త పైన గుచ్చింది. సాయంత్రం ఎండ పసుపు తిరిగేవేళకి ఆ పుల్ల మీద ఒక తడి గీత మిగిలింది, నీళ్ళు దానికి వేలెడు కిందకి జరిగాయి. తర్వాత జానెడు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పరీక్ష రిజల్టు కోసం కూడా నేనంత కళ్ళప్పగించి చూడలేదు.

అయినా పిన్ని లేవలేదు. అవతల నుంచి గూడెం పెద్దాయన ఒకాయన చేతిలో పొడవాటి కర్రతో దిగి, ముందు గంపావిణ్ణి దాటించి, తర్వాత మాకు చెయ్యూపి పిలిచాడు. "ఇప్పుడు రండి బాబూ, బేగి రండి. సంచీ ఒక బుజానికే ఎయ్యండి." కాలుజారితే సంచీ వదిలేయడానికట. ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, కర్ర ముందు ఆనించి, అడుగు పక్కకి జరుపుతూ దాటాలి. చిన్నాన్న ఆయన చెప్పినట్టల్లా చేశాడు. పోర్టులో పెద్ద పెద్ద ఓడల్ని చూసిన మనిషి, తొడలోతు నీళ్ళలో ఆ ముసలాయన భుజం గట్టిగా పట్టుకున్నాడు.

ఆ రాత్రి ఆయన ఇంట్లోనే ఉన్నాం. మర్నాడు కూడా, ఎందుకంటే తెల్లారేసరికి ముసురు పట్టింది. గూడెం ఎదురుగా ఉన్న కొండే కనిపించలేదు. ఈ మొత్తం ప్రయాణంలో ఒక్క అడుగు ముందుకేయని రోజు అదే, నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నదీ అదే. పొయ్యి మీద చూరు నుంచి మొక్కజొన్న కంకుల గుత్తులు వేలాడుతున్నాయి, పొగకి నల్లబడి. విత్తనానికట, పొగ తగిలితే పురుగు పట్టదు. మా బూట్లలో పిన్ని పాత పేపర్లు ఉండలు చేసి కుక్కి, పొయ్యికి కాస్త ఎడంగా నిలబెట్టింది. గంటకోసారి తడి పేపరు తీసి పొడిది పెట్టాలి. చిన్నాన్న తొందరపడి తన బూట్లని దగ్గరికి జరిపాడు, ఒక బూటు అడుగు రబ్బరు మెత్తబడి వంకర తిరిగింది. ఆ మిగతా దారంతా ఆయన కొంచెం ఎడమకి ఒరిగి నడిచాడు.

పొద్దున్న చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మధ్యాహ్నం సామల అన్నం, చింతపండు పులుసు. ఇంటావిడ, పిన్ని ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకుంటుంటే నేను పిన్నిని కొత్తగా చూశాను. మా ఇంట్లో ఆవిడ మితభాషి, వంటింట్లో నాన్నమ్మ మాటకి ఎదురుచెప్పని కోడలు. ఇక్కడ కాళ్ళు బారజాపుకుని, గొంతు పెంచి, చేతులు ఊపుతూ నవ్వుతోంది. వాళ్ళ నాన్నగారి దగ్గర చదువుకున్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఉన్నారట, ఒక్కొక్కరి గురించీ అడుగుతోంది. పిల్లలతో మేం చింతపిక్కలాట ఆడాం. ఓడిపోయాం.

చిన్నాన్న ట్రాన్సిస్టర్ తీసి గంటలకొద్దీ చెవి మెలిపెట్టాడు. గరగరలే తప్ప ఏమీ రాలేదు. పెద్దాయన ఆసక్తిగా చూస్తూ, "ఏటంటాది బాబూ అది?" అని అడిగాడు. వానెప్పుడు తగ్గుతుందో చెబుతుందన్నాడు చిన్నాన్న. పెద్దాయన బయటికి చూశాడు. కోళ్ళు చూరు కింద నిలబడకుండా వానలోనే తిరుగుతూ మేస్తున్నాయి. "జడివానైతే కోడి చూరు కిందకొచ్చీసి నిలబడతాది, ఆగిపోద్దని దానికి తెలుసు. తడుస్తా మేస్తందంటే ఇయాల్టికి ఒదల్దు" అన్నాడు. అందులో నిజమెంతో నాకు తెలీదు, ఆ రోజు మాత్రం చీకటిపడేదాకా వదల్లేదు. చిన్నాన్న ట్రాన్సిస్టర్ కట్టేసి, బ్యాటరీలు తీసి పొయ్యి పక్కన ఆరబెట్టాడు.

మర్నాడు గాలికొండ దగ్గర ఘాట్ రోడ్డు మీదికి చేరాం. మబ్బు రోడ్డు మీదికే దిగి ఉంది. లారీలు పగలే లైట్లేసుకుని, వంపు వంపుకీ హారన్ కొడుతూ వస్తున్నాయి. మేం కొండ అంచు వదిలేసి లోపలి పక్కనే, ఒకరి వెనక ఒకరం నడిచాం. ఆ కొండ మీంచి ఆకాశం బాగుంటే సముద్రం కనిపిస్తుందని చిన్నాన్న వాదన. చిన్నప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాను, ఎప్పుడూ కనపడలేదని పిన్ని వాదన. వ్యూపాయింట్ దగ్గర నిలబడితే ఎదురుగా తెల్లటి గోడ. అరగంట నిలబడ్డాం. ఒక్కసారి గాలి కొట్టింది, కింద లోయలో ఒక గూడెం, ఎర్రటి కాలిబాట, మెట్లు మెట్లుగా వరిమళ్ళు, ఒక పక్క మాత్రమే ఎండపడి మెరుస్తున్నాయి. ఎవరికో చూపిద్దామని వేలెత్తేలోపు మూసుకుపోయింది. "అదిగో ఆ చివర సముద్రమే!" అన్నాడు చిన్నాన్న. బావ ఆయన పక్షం చేరాడు. నాకైతే కనపడలేదు.

ఇప్పుడు పాడేరు దగ్గర వంజంగి కొండ మీద తెల్లవారుజామున మబ్బుల సముద్రం చూడటానికి వందల కార్లు లైను కడుతున్నాయి. రైలుకి 2017లో అద్దాల బోగీ వచ్చింది. అరకు, అనంతగిరి 2022 ఏప్రిల్ నుంచి మా విశాఖ జిల్లాలోనే లేవు, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. మా వాళ్ళ పిల్లలు వంజంగి వెళ్ళి, మబ్బులు రాలేదని, డబ్బులు దండగని తిట్టుకుంటూ తిరిగొచ్చారు. రావాల్సిన టైముకి రావడానికి అవేమైనా పాసింజరు బండా? పాసింజరు మాత్రం టైముకొచ్చిందా ఎప్పుడైనా!

అనంతగిరిలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కల మధ్య నుంచి దిగాం. కాయలు ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి, అక్కడక్కడ ఒకటి రెండు ఎర్రబడుతున్నాయి. వాన ఆగినా ఆ చెట్ల కింద ఆగదు, పైన ఆకుల్లో నిలిచిన నీళ్ళు గాలి కదిపినప్పుడల్లా ఇంకోసారి కురుస్తాయి. మిరియం తీగలు చెట్ల మొదళ్ళని కప్పేసి తడితో నల్లగా మెరుస్తున్నాయి. చిన్నాన్న వంకర బూటుతో రెండుసార్లు జారాడు.

బొర్రా గుహలు అప్పటికి ఇంత హంగు లేకుండా ఉండేవి. ఈ రంగు లైట్లు లేవు, కాగడా పట్టుకుని ఒకతను ముందు నడిచేవాడు. లోపలికి దిగితే పైన వాన ఆగిందో కురుస్తోందో తెలీదు, కానీ పైన కురిసిన ప్రతి వానా కొన్నాళ్ళకి అక్కడికి చేరుతుంది. సున్నపురాయిలోంచి ఇంకి, రాయిని కొంచెం కొంచెం కరిగించుకుని చుక్క చుక్కగా దిగుతుంది. అలా దిగిందే కప్పు నుంచి వేలాడుతోంది, కింద నుంచి మొలుస్తోంది. మేం లోపలుండగా గుహ నెత్తి మీంచే గూడ్సు వెళ్ళింది. బావ జేబులో శిమిలిగూడ రాయిని గట్టిగా పట్టుకున్నాడు.

గోస్తని పుట్టేది అక్కడే. అక్కడ పుట్టి, కొండ దిగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ మాట వినగానే చిన్నాన్నకి ఎక్కడలేని ప్రాణం లేచొచ్చింది. "చూశావా, మీ కొండ వానలన్నీ చివరికి మా వైపుకే రావాలి!" పిన్ని తడుముకోలేదు. "వచ్చేదారిలో తాటిపూడి దగ్గర ఆపుకుని తాగుతున్నది మీ విశాఖవాళ్ళేగా. ఆ వాన ముందు మీ సముద్రం మీంచే వచ్చిందనుకోండి, అది వేరే సంగతి." ఇంతకు మించి ఆవిడ ఒప్పుకోగా నేనెప్పుడూ వినలేదు.

బొర్రా స్టేషన్‌లో తిరుగు పాసింజరు కోసం కూర్చుంటే అది రాలేదు. కింద ఎక్కడో పట్టాల మీద కొండచరియ పడిందట. ఆ లైన్లో వానాకాలం ఇది మామూలే. అప్పటికి చీకటి పడుతోంది. చివరికి పైనాపిల్ బుట్టలతో కొండ దిగుతున్న జీపొకటి దొరికితే బుట్టల మీదే కూర్చుని ఎస్.కోట చేరాం. పిన్ని వాళ్ళ నాన్నగారు వీధి గుమ్మంలోనే మంచం వేసుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూసి ఎలా ఉన్నారని అడగలేదు, భయపడ్డారా అని అడగలేదు.

"గెడ్డ దగ్గర ఎంతసేపు కూర్చున్నారు?" అన్నారు.

"మధ్యాహ్నం నుంచి దీపాలవేళ దాకా" అంది పిన్ని.

"అల్లుడుగారు కూడా కూర్చున్నారా?"

"కూర్చున్నారు."

పెద్దాయన తృప్తిగా తలూపి, వేడినీళ్ళు పెట్టమని లోపలికి కేకేశారు.

మర్నాడు బస్సులో విశాఖ వచ్చేసరికి ఎండ ఫెళఫెళలాడుతోంది. అల్పపీడనం బలపడలేదు, సముద్రంలోనే ఎటో వెళ్ళిపోయిందట. పోర్టులో ఒకటో నంబరు దించేశారు. మా అమ్మ తలుపు తీసి మమ్మల్ని ఎగాదిగా చూసింది. మోకాళ్ళదాకా ఎర్రబురద అట్టకట్టిన బట్టలు, నాని తెల్లబడి ముడతలు పడ్డ కాళ్ళు, చిన్నాన్న వంకర బూటు.

"ఎక్కడ పడ్డార్రా నలుగురూ?"

"వాన పిన్నీ... కాదు, అత్తా, ఒకటే వాన!" అన్నాడు బావ కంగారుగా.

"ఏ వాన? రేడియోవాడి మాట నమ్మి వారం నుంచి వడియాలు పెట్టకుండా కూర్చున్నాను. ఇక్కడ చినుకు పడితే ఒట్టు!"

చిన్నాన్న రేడియో తప్పు కాదని, అల్పపీడనం దిశ మార్చుకుందని, గాలి ఈశాన్యం నుంచి తిరిగితే ఇలాగే జరుగుతుందని వివరించడం మొదలుపెట్టాడు. పిన్ని అప్పటికే బూట్లు విప్పి, తడి పేపర్లు తీసి, పెరట్లో ఎండలో బోర్లించింది.